కిళ్ళీ కొట్టు దాకా వచ్చిన చట్టం: తెలుగునాట పొగాకు అమ్మకంపై ఆంక్షలు

తెలుగు ప్రాంతాల పొగాకు చరిత్ర ప్రధానంగా పంట చరిత్రగానే నడిచింది. గోదావరి లంకల్లో చుట్టపొగాకు సాగు, గుంటూరు నల్లరేగడి నేలల్లో వర్జీనియా రకం నిలదొక్కుకున్న తీరు, బ్యారన్లలో ఆకు కాల్చే పద్ధతి, వేలం కేంద్రాల్లో ధరల హెచ్చుతగ్గులు వివరంగానే నమోదయ్యాయి. ఆ ఆకు సిగరెట్టుగానో బీడీగానో గుట్కా పొట్లంగానో మారి కొనేవారి చేతికి చేరే చోటు మీద మాత్రం అంత శ్రద్ధ పడలేదు. కోస్తాలో కిళ్ళీ కొట్టు, బడ్డీ కొట్టు అనీ, తెలంగాణలో పాన్ డబ్బా అనీ పిలిచే ఆ చిన్న దుకాణంలో ఏది అమ్మవచ్చు, ఎవరికి అమ్మవచ్చు, బడికి ఎంత దూరంలో అమ్మవచ్చు అన్న ప్రశ్నలపై దాదాపు నూరేళ్ళుగా చట్టాలు వస్తూనే ఉన్నాయి. వాటిని వరుసగా పరిశీలించినప్పుడు తేలే ముఖ్య విషయం ఏమిటంటే, అమ్మకాన్ని అదుపు చేసే బాధ్యత ప్రతిసారీ స్థానిక అధికారుల మీదే పడింది గానీ, ఆ అదుపును శాశ్వతంగా నిలిపే అధికారం వారికి దక్కలేదు.

పోర్చుగీసు వర్తకుల ద్వారా దక్కనుకు చేరిన పొగాకు పదిహేడో శతాబ్దం తొలి సంవత్సరాల్లో బీజాపూరు నుంచి అక్బరు దర్బారుకు వెళ్ళింది. 1617లో జహంగీరు పొగతాగడాన్ని నిషేధిస్తూ ఆజ్ఞ జారీ చేసినా, దాని వల్ల సాగు గానీ వాడకం గానీ ఆగలేదు. ఈస్టిండియా కంపెనీ హయాంలో మద్రాసు ప్రెసిడెన్సీలోని మలబారు, కెనరా, కోయంబత్తూరు ప్రాంతాల్లో పొగాకు అమ్మకం ప్రభుత్వ గుత్త కింద, అంటే సర్కారు తప్ప మరొకరు హోల్‌సేలుగా అమ్మకూడని ఏర్పాటు కింద, పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో చాలాకాలం నడిచింది. ఆ ఏర్పాటు ఖజానా నింపడానికి పుట్టినదే గనుక దాన్ని ఆరోగ్య చట్టాలకు పూర్వరూపంగా చూడటం సరికాదు. అయినా పొగాకు అమ్మకాన్ని సర్కారు అదుపు చేయగలదన్న ఆలోచన దక్షిణాదిలో ఎంత పాతదో అది చూపుతుంది. ఆ గుత్త తెలుగు జిల్లాలకు విస్తరించలేదు. లంక పొగాకు, దానితో చుట్టిన చుట్టలు ఇక్కడ స్వేచ్ఛగానే చేతులు మారాయి.

ఆరోగ్యం పేరుతో అమ్మకంపై వచ్చిన తొలి ఆంక్ష పిల్లలకు సంబంధించినది. ఇంగ్లండులో 1908 నాటి బాలల చట్టం పదహారేళ్ళలోపు వారికి సిగరెట్లు అమ్మడాన్ని నేరం చేసింది. అదే ఒరవడిలో పంజాబు 1918లో, బెంగాలు 1919లో బాలల ధూమపాన చట్టాలు చేసుకోగా, మద్రాసు శాసనమండలి 1928లో అటువంటి చట్టాన్నే తెచ్చింది. నాటి కోస్తా, రాయలసీమ జిల్లాలు ప్రెసిడెన్సీలో భాగం కాబట్టి అది తెలుగు నేలకూ వర్తించింది. ఆ చట్టం అవసరమని పెద్దలు ఎందుకు భావించారో ఊహించడం కష్టం కాదు. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’లో గిరీశం దగ్గర చదువుకోవడానికి చేరిన వెంకటేశానికి ఆ సావాసంలో అబ్బిన విద్య చుట్ట కాల్చడమే. ఆ నాటకం పంతొమ్మిదో శతాబ్దం చివరి దశకంలో రూపుదిద్దుకున్నదంటే, బడికి వెళ్ళే పిల్లవాడి చేతిలో చుట్ట అప్పటికే ఇంటింటా ఆందోళన కలిగించే విషయమై ఉండాలి. అయితే 1928 నాటి చట్టాన్ని అమలు చేయడానికి ప్రత్యేక యంత్రాంగమేదీ ఏర్పడలేదు. ఊళ్ళో కొట్టు నడిపేవాడికి కొనే కుర్రవాడి ఇల్లూ వాకిలీ తెలుసు, వయసూ తెలుసు, ఆ కుర్రవాణ్ణి చుట్టల కోసం పంపిన తాతా తెలుసు. అటువంటి చోట పోలీసు కేసు పుట్టే అవకాశం తక్కువ.

ఆ తరవాతి అరవై ఏళ్ళలో ప్రభుత్వానికి పొగాకు ప్రధానంగా ఆదాయ వనరు. అంతకు ముందే 1912లో గుంటూరులో స్థాపితమైన ఇండియన్ లీఫ్ టుబాకో డెవలప్‌మెంట్ కంపెనీ వర్జీనియా రకాన్ని వ్యాపింపజేసింది. నిజాం రాజ్యంలో 1930లో వజీర్ సుల్తాన్ టుబాకో కంపెనీ మొదలై చార్మినార్ సిగరెట్టును ఇంటింటా పరిచితం చేసింది. యుద్ధకాలపు ఖర్చుల కోసం బ్రిటిషు ప్రభుత్వం 1943లో పొగాకుపై ఎక్సైజు సుంకం విధించింది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ వెలసింది. ఈ ధోరణి ఎంత గట్టిదో 1975వ సంవత్సరం తేటతెల్లం చేస్తుంది. ఆ ఏడాది పార్లమెంటు చేసిన రెండు చట్టాల్లో ఒకటి పొగాకు సాగునూ ఎగుమతినీ పెంపొందించే పొగాకు బోర్డుకు సంబంధించినది, రెండోది సిగరెట్టు పెట్టెపై ఆరోగ్య హెచ్చరిక ముద్రించాలని నిర్దేశించినది. గుంటూరు కేంద్రంగా బోర్డు 1976 జనవరి 1న పని ప్రారంభించగా, హెచ్చరిక చట్టం అదే ఏడాది అమల్లోకి వచ్చింది. ఆ హెచ్చరిక చట్టం సిగరెట్లకే పరిమితం. బీడీ, చుట్ట, నమిలే పొగాకు దాని పరిధిలోకి రాలేదు. దేశంలో పొగాకు వాడేవారిలో అత్యధికులు ఆ మూడింటినే వాడుతున్న రోజుల్లో వాటిని వదిలివేయడం చిన్న లోపమనిపించుకోదు. చదువుకున్నవాడి సిగరెట్టు మీద పడిన శాసనకర్తల చూపు కూలీ బీడీ మీద పడలేదు.

1990లలో పరిస్థితి మారింది. పొగాకుపై కేంద్రం కదలకముందే కొన్ని రాష్ట్రాలు కదిలాయి. ఢిల్లీ 1996లో, గోవా 1997లో బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడాన్ని నిషేధిస్తూ చట్టాలు చేశాయి. 1999లో కేరళ హైకోర్టు బహిరంగ ధూమపానాన్ని ప్రజలకు హాని చేసే ఉపద్రవంగా పరిగణించింది. 2001 నవంబరు 2న సుప్రీంకోర్టు కాంగ్రెస్ నాయకుడు మురళీ దేవరా వేసిన పిటిషన్‌పై, చట్టం వచ్చేదాకా దేశమంతటా బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడం ఆపించాలని ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్ 2002లో తన సొంత ధూమపాన నిషేధ, ఆరోగ్య పరిరక్షణ చట్టాన్ని చేసుకుంది. ఈ రాష్ట్ర చట్టాల కాలం ఎక్కువ రోజులు సాగలేదు. 2003లో పార్లమెంటు సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టాన్ని తెస్తూ, పొగాకు పరిశ్రమను ప్రజాప్రయోజనం దృష్ట్యా కేంద్రం అదుపులోకి తీసుకుంటున్నట్టు అందులోనే ప్రకటించింది. ఆంగ్ల అక్షరాల కుదింపుతో ‘కోట్పా’ అని పిలిచే ఈ చట్టంలోని ఆ ప్రకటన పైకి లాంఛనంగా కనిపించినా దాని ఫలితం పెద్దది. ప్రజారోగ్యమూ, సంతలూ, అంగళ్ళూ రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోని అంశాలు. పొగాకు విషయంలో మాత్రం ఇకనుంచి రాష్ట్రం ఏది చేయదలచినా కేంద్ర చట్టంతో పొసగుతుందా అన్న ప్రశ్నను ఎదుర్కోక తప్పని స్థితి ఏర్పడింది.

కోట్పాలోని ఆరో సెక్షను నేరుగా దుకాణదారుడిని ఉద్దేశించినది. పద్ధెనిమిదేళ్ళలోపు వారికి ఏ పొగాకు ఉత్పత్తీ అమ్మరాదనీ, విద్యాసంస్థకు నూరు గజాల వ్యాసార్ధంలో అసలు అమ్మరాదనీ అది నిర్దేశించింది. ఈ రెండు నిబంధనలూ 2004లో అమల్లోకి వచ్చాయి. ఉల్లంఘనకు గరిష్ఠ జరిమానా 200 రూపాయలు. నూరు గజాలంటే సుమారు 91 మీటర్లు. హైదరాబాదు పాతబస్తీ గల్లీల్లోనూ విజయవాడ వన్‌టౌనులోనూ ఒక బడి చుట్టూ అంత వృత్తం గీస్తే అది మరో బడి వృత్తంలోకి చొరబడుతుంది. ఇరుకైన వీధుల్లో ఇల్లూ బడీ కొట్టూ కలగలిసి ఉండే ఊళ్ళలో ఈ నియమాన్ని అక్షరాలా పాటిస్తే ఎన్నో దుకాణాలు పొగాకు మానుకోవాలి. పాటించకపోతే పడే జరిమానా కొద్ది పెట్టెల సిగరెట్ల ధరకు మించదు. పైగా దుకాణదారుడు ఏ అనుమతి పత్రమూ లేకుండానే పొగాకు అమ్మగలడు కనుక, తప్పు చేస్తే పోగొట్టుకునేది ఏదీ అతని చేతిలో లేదు. చట్టం బలహీనపడిన అసలు చోటు ఇదే.

గుట్కా కథ ఇంతకంటే సంక్లిష్టమైనది, తెలుగు రాష్ట్రాల అనుభవంలో ఇంతకంటే ముఖ్యమైనది కూడా. వక్క, సున్నం, కాచు, సుగంధ ద్రవ్యాలతో పొగాకు కలిపి తయారు చేసే గుట్కా రేకు పొట్లాల్లో అమ్ముడవుతూ 1980ల నుంచి దేశమంతటా పాకింది. కిళ్ళీ కట్టించుకునే చోట పొట్లం చింపుకోవడం అలవాటైంది. పొగ రాదు, వాసన దాచవచ్చు, ధర రూపాయో రెండో. బడిపిల్లలకూ లారీ డ్రైవర్లకూ కూలీలకూ అది సమానంగా అందింది. నోరు పూర్తిగా తెరుచుకోకుండా దవడ లోపలి పొర గట్టిపడే వ్యాధి వక్కతో ముడిపడినదని వైద్యులు గుర్తించారు. ఆ వ్యాధి ముదిరి క్యాన్సరుగా మారే ప్రమాదం ఉంది. 2001 నవంబరులో తమిళనాడు మొదట గుట్కాను నిషేధించగా, తరవాతి రెండేళ్ళలో ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర, గోవా అదే దారి పట్టాయి. అందుకు అవి ఆధారం చేసుకున్నది 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం. ప్రజారోగ్యం దృష్ట్యా ఒక ఆహార పదార్థం అమ్మకాన్ని రాష్ట్ర ఆహార ఆరోగ్యాధికారి నిషేధించవచ్చని అందులో ఒక నిబంధన ఉంది.

2004 ఆగస్టు 2న సుప్రీంకోర్టు ఆ నిషేధాలను కొట్టివేసింది. గుట్కా ఆహార పదార్థమేనని ఒప్పుకుంటూనే, రాష్ట్ర అధికారికి చట్టం ఇచ్చిన శక్తి స్థానికంగా తలెత్తే అత్యవసర పరిస్థితులకు ఉద్దేశించిన తాత్కాలిక శక్తి మాత్రమేననీ, ఒక వస్తువు ఆరోగ్యానికి హానికరమని తేల్చి దాన్ని పూర్తిగా నిషేధించే విధాన నిర్ణయం కేంద్ర ప్రభుత్వానికి చెందుతుందనీ ధర్మాసనం వివరించింది. న్యాయసూత్రం దృష్ట్యా తీర్పులో తర్కం ఉంది. ఒక కార్యనిర్వహణాధికారి సంతకంతో మొత్తం వ్యాపారం మూతపడటం ప్రజాస్వామ్యంలో తేలికగా తీసుకోవలసిన విషయం కాదు. అయితే తీర్పు ఫలితంగా గుట్కా పొట్లాలు దండలుగా మళ్ళీ దుకాణాల ముందు వేలాడాయి, ఆ తరవాత ఎనిమిదేళ్ళ పాటు చాలా రాష్ట్రాల్లో వాటికి అడ్డు లేకపోయింది. ఆ ఎనిమిదేళ్ళలో పొట్లానికి అలవాటుపడిన పిల్లల సంగతి ఏ తీర్పులోనూ కనిపించదు. ఈ చరిత్రలో అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగిన కాలం అదేనని చెప్పవలసి ఉంటుంది.

దారి మళ్ళీ తెరుచుకున్నది ఆహార చట్టం మారడంతోనే. కల్తీ నిరోధక చట్టం స్థానంలో 2006లో వచ్చిన ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద 2011లో రూపొందిన నిబంధనల్లో, ఏ ఆహార ఉత్పత్తిలోనూ పొగాకు, నికోటిన్ వాడరాదని కేంద్రమే రాసింది. విధానం కేంద్రానిదే కాబట్టి 2004 నాటి అభ్యంతరం తొలగినట్టయింది. 2012 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్, కొద్ది వారాల్లో కేరళ, ఆ తరవాత వరుసగా ఇతర రాష్ట్రాలు నిషేధ ఉత్తర్వులిచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2013 జనవరిలో చేరింది. కానీ ఉత్తర్వుకు ఆధారమైన సెక్షను ప్రకారం ఆహార భద్రతా కమిషనర్ విధించే నిషేధం ఒక ఏడాదికి మించకూడదు. కనుక ప్రతి సంవత్సరం గడువు తీరేలోగా కొత్త ఉత్తర్వు రావాలి. 2014లో రాష్ట్రం విడిపోయాక రెండు కమిషనర్ కార్యాలయాలూ వేర్వేరుగా అదే పని చేస్తూ వచ్చాయి. 2024 మే 24 నుంచి ఏడాది పాటు అమలయ్యేలా తెలంగాణ జారీ చేసిన ఉత్తర్వు ఆ వరుసలోనిదే. పదేళ్ళకు పైగా నడుస్తున్న నిషేధం కాగితం మీద ఎప్పుడూ ఏడాది వయసుదే.

ఉత్తర్వులతో పాటే వ్యాపారమూ రూపు మార్చుకుంది. గుట్కాలో ఉండే పాన్ మసాలాను ఒక పొట్లంలోనూ పొగాకును మరో పొట్లంలోనూ పెట్టి జంటగా అమ్మడం మొదలైంది. విడిగా చూస్తే మసాలాలో పొగాకు లేదు, పొగాకు ఆహారం కాదు. కొన్నవాడు అరచేతిలో రెండూ కలుపుకున్నప్పుడే గుట్కా తయారవుతుంది. అందుకు జవాబుగా ఉత్తర్వుల భాష కూడా విస్తరించి, విడి పొట్లాలను, వాటిని తేలికగా కలుపుకునే ఏర్పాటును పేర్కొనసాగింది. నమిలే పొగాకు ఆహారమా కాదా అన్న వివాదం కోర్టుల్లో మళ్ళీ రాజుకున్నది ఇక్కడే. 2022 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఢిల్లీ నిషేధ ఉత్తర్వులను కొట్టివేయగా, 2023 ఏప్రిల్‌లో అదే కోర్టు ద్విసభ్య ధర్మాసనం ఆ తీర్పును పక్కనపెట్టింది. 2023 జనవరిలో మద్రాసు హైకోర్టు తమిళనాడు ఉత్తర్వును రద్దు చేస్తే ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది.

తెలుగు జిల్లాల్లో ఈ నిషేధం ప్రజలకు కనిపించే రూపం పోలీసు దాడులు. కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దుల నుంచి లారీల్లో వచ్చిన సరుకు గోదాముల్లో పట్టుబడటం పత్రికల్లో నిత్యం వచ్చే వార్త. అయితే ఆహార చట్టం ప్రకారం తనిఖీ చేయవలసినవాడు ఆహార భద్రతాధికారి, పోలీసు కాదు. శిక్షాస్మృతిలోని హానికర ఆహారం అమ్మకపు సెక్షన్ల కింద పోలీసులు కేసు పెట్టవచ్చా అన్న దానిపై 2018లో హైదరాబాదు హైకోర్టు ప్రతికూలంగా స్పందించింది. అదే సంవత్సరం సెప్టెంబరులో మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు శిక్షాస్మృతి కింద విచారణకు అడ్డు లేదన్నది. 2024 ఫిబ్రవరిలో మరో కేసులో, ఆహార చట్టం వర్తించే చోట శిక్షాస్మృతిలోని ఆహార నేరాల సెక్షన్లు దానికి లోబడాలని అదే కోర్టు చెప్పింది. ఠాణాలో కేసు రాసే ఎస్సైకి ఏ సెక్షను నిలుస్తుందో తెలియని స్థితి ఇన్నేళ్ళు సాగడం పెద్ద టోకు వ్యాపారికి మేలు చేసింది. దండ వేలాడదీసే చిన్న కొట్టువాడికి అలాంటి మేలేదీ లేదు. అతని సరుకు ఎలాగూ ఆ పూటే పోతుంది.

స్థానిక అధికారానికి చట్టం ఇచ్చే చోటు దేశాన్ని బట్టి ఎంత మారుతుందో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రాన్ని చూస్తే తెలుస్తుంది. అక్కడ నీధమ్ అనే చిన్న పట్టణం 2005 నుంచే ఇరవై ఒక్క ఏళ్ళలోపు వారికి పొగాకు అమ్మకాన్ని నిషేధించింది. ఆ వయోపరిమితి 2019 డిసెంబరులో మొత్తం దేశానికి చట్టమైంది. 2000 జనవరి 1న గానీ తరవాత గానీ పుట్టినవారికి ఎన్నటికీ పొగాకు, వేపింగ్ సరుకు అమ్మకూడదని బ్రూక్‌లైన్ పట్టణ సభ 2020లో తీర్మానిస్తే, దుకాణదారులు వేసిన దావాలో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 2024 మార్చిలో పట్టణం పక్షాన తీర్పిచ్చింది. ఊరి సభకు అక్కడ దొరికిన ఆ స్థిరమైన హక్కు భారతదేశంలో రాష్ట్ర ప్రభుత్వానికే పూర్తిగా దొరకలేదు.

ఎలక్ట్రానిక్ సిగరెట్ల విషయంలో మాత్రం కేంద్రం ఆలస్యం చేయలేదు. నికోటిన్ ద్రవాన్ని బ్యాటరీతో వేడిచేసి ఆవిరిగా పీల్చే ఈ పరికరాన్ని 2013లో పంజాబు, 2016లో కర్ణాటక తమ పరిధిలో నిషేధించాయి. మరికొన్ని రాష్ట్రాలూ ఔషధ చట్టాల ఆధారంగా అదే చేశాక, 2019 సెప్టెంబరు 18న కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి, డిసెంబరులో దాన్ని చట్టం చేసింది. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన నిషిద్ధం. మొదటి తప్పుకు ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 200 రూపాయల జరిమానా పక్కన ఈ శిక్షను పెట్టి చూస్తే చట్టం దృష్టిలో పాత వ్యాపారానికీ కొత్త వ్యాపారానికీ ఉన్న తేడా తెలుస్తుంది. వేపింగు సరుకుకు ఇక్కడ రైతు లేడు, వేలం కేంద్రం లేదు, ఎక్సైజు రాబడి లేదు. కాబట్టి దాన్ని ఒక్క కలంపోటుతో ఆపగలిగారు.

హుక్కా దుకాణాల వ్యవహారం మధ్యస్థంగా నడిచింది. ముప్పై మంది గానీ అంతకు మించి గానీ కూర్చునే రెస్టారెంట్లలో పొగతాగేవారికి విడి గది ఉండవచ్చన్న కోట్పా మినహాయింపు ఆసరాగా హైదరాబాదులో హుక్కా పార్లర్లు పెరిగాయి. ఆ గదుల్లో ఏ రకమైన సరఫరా ఉండకూడదని 2017లో కేంద్రం నిబంధన సవరించినా అవి మూతపడలేదు. చివరకు 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ కేంద్ర చట్టానికే రాష్ట్ర సవరణ చేస్తూ హుక్కా పార్లర్లను నిషేధించే బిల్లును ఆమోదించింది. పొరుగున కర్ణాటక అదే నెలలో అదే పద్ధతిలో కొనుగోలు వయసును 21కి పెంచి, విడి సిగరెట్ల అమ్మకాన్ని కూడా ఆపదలచింది. ఆ సవరణకు రాష్ట్రపతి ఆమోదం 2025 మేలో లభించింది.

బీడీ జోలికి ఇంత గట్టిగా ఏ ప్రభుత్వమూ వెళ్ళలేదంటే అందుకు బలమైన కారణముంది. నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో లక్షలాది స్త్రీలు ఇంట్లో కూర్చుని తునికాకులో పొగాకు చుట్టి బతుకుతున్నారు. తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు పింఛను ఇస్తోంది. అమ్మకం తగ్గితే మొదట తగ్గేది వారి చేతికి వచ్చే ఆకు. ఆ కష్టాన్ని లెక్కలోకి తీసుకోని ఆంక్ష న్యాయమైనది కాదు. కానీ ఆ కష్టాన్నే అడ్డం పెట్టి బీడీని పన్ను నుంచీ హెచ్చరిక నుంచీ దశాబ్దాల తరబడి కాపాడినవారు ఆ స్త్రీలకు వేరే ఉపాధి చూపే పనికి అంత శ్రద్ధ పెట్టలేదు. 2017లో కేంద్ర ఆరోగ్య శాఖ పొగాకు అమ్మే దుకాణాలకు పురపాలక సంఘాలే అనుమతి పత్రం ఇవ్వాలనీ, అటువంటి దుకాణంలో పిల్లలు కొనే బిస్కెట్లు, మిఠాయిలు అమ్మకూడదనీ రాష్ట్రాలకు సూచించింది. హిమాచల్ ప్రదేశ్ అంతకు ముందే, 2016లోనే, విడి సిగరెట్లూ బీడీల అమ్మకాన్ని నిషేధించి చిల్లర వ్యాపారాన్ని నమోదు కిందికి తెచ్చే చట్టం చేసుకుంది. రద్దు కాగల అనుమతి ఉన్నప్పుడే నూరు గజాల నియమానికి బలం వస్తుంది గనుక, ఇంతవరకు వచ్చిన సూచనల్లో ఇదే అన్నిటికంటే ఉపయోగకరమైనది.

ఈ చట్టాలేవీ చేరని వాడకం ఉత్తరాంధ్రలో ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల పల్లెల్లో, ముఖ్యంగా స్త్రీలు, చుట్ట వెలిగించిన కొనను నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటును అడ్డపొగ అంటారు. దాని వేడి అంగిటిని కాల్చి అక్కడ క్యాన్సరుకు దారితీస్తుందని విశాఖపట్నం వైద్యులు 1930ల నుంచే రాస్తూ వచ్చారు. 1960లలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ పరిశోధకులు దేశంలోని ఐదు జిల్లాల్లో 50,915 మంది గ్రామీణుల నోళ్ళను పరీక్షించినప్పుడు, ఆ జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. చుట్ట పేరు కోట్పా జాబితాలో ఉన్నా, ఆకు కొనుక్కుని ఇంట్లోనే చుట్టుకునే స్త్రీకి ఆ చట్టంతో పని పడదు. ఆమె మైనరు కాదు, ఆమె కొనేదానికి హెచ్చరిక ముద్రించిన పెట్టె లేదు. ఆ తరవాత అదే పరిశోధక బృందం శ్రీకాకుళంతో పాటు ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో ఏళ్ళ తరబడి ఇంటింటికీ వెళ్ళి, నోరు చూసి, అలవాటు మానమని ఒక్కొక్కరికీ నచ్చజెప్పింది. శ్రీకాకుళంలో అడ్డపొగ మానినవారూ తగ్గించినవారూ పెరిగారు, అంగిట్లో కొత్తగా పుట్టే మచ్చలూ తగ్గాయి.